మామయ్య పిలిచిన మూస్

క్విక్యోక్
అక్టోబరు 4, 1986

అమ్మాయి టీరాకు,

చెయ్యి ఎలా ఉంది? మావాడు హోల్గర్ ఊళ్ళో కొట్టుకు ఫోను చేసి, మణికట్టు దగ్గర ఎముక విరిగిందనీ లూలియో ఆస్పత్రిలో పిండికట్టు వేశారనీ చెప్పాడు. ఇంకా అడుగుదామనుకున్నాను గానీ, ఆ కొట్లో ఫోను పట్టుకుంటే రొట్టెల కోసం వచ్చినవాళ్ళందరూ రొట్టెలు మరిచిపోయి నా మొహమే చూస్తారు. అందుకే రాస్తున్నాను.

నువ్వు బస్సెక్కిన మర్నాడే పై కొండలు తెల్లబడ్డాయి. లోయలో బర్చి చెట్ల ఆకులు పసుపుపచ్చగా ఇంకా రాలుతున్నాయి. మనం చూసిన ఆ పెద్ద మూస్ పోతు, గుర్రాన్ని మించిన ఎత్తున్న ఆ దుప్పి, రెండు ఆడ మూస్‌లను వెంటేసుకుని ఏటి అవతలి వాలుకు పోయింది. గిట్టలతో గొయ్యి తవ్వుకుని, అందులో ఉచ్చ పోసి, అందులోనే పొర్లుతోంది. గాలి ఇటు తిరిగితే ఆ కంపు మా ఇంటి గుమ్మం దాకా వస్తుంది. ఎదకాలం మొదలైనప్పటి నుంచి అది మేత ముట్టినట్టు లేదు. డొక్కలు లోపలికి పోయాయి. చిన్న పోతు ఒకటి దూరంగా తిరుగుతూ, పెద్దది తల ఎత్తినప్పుడల్లా తుప్పల్లోకి దూరుతోంది.

ఇంకెవరినీ కొండ మీదికి తీసుకెళ్ళడం లేదు. మూస్‌లను చూడ్డానికి స్టాక్‌హోమ్ నుంచి నలుగురు వస్తామన్నారు, ఒంట్లో బాగాలేదని చెప్పాను.

హోల్గర్‌కు నువ్వేం చెప్పావో నాకు తెలీదు. చెయ్యి జాగ్రత్త. ఆదివారాలు చర్చిలో నీ బదులు ఆర్గన్ ఎవరు వాయిస్తున్నారు?

నీ మామయ్య,
రూరిక్

*

లూలియో
అక్టోబరు 12, 1986

మామయ్యగారికి,

చెయ్యి ఒకలాగే ఉంది. నొప్పి తగ్గింది, దురద మొదలైంది. ఆర్గన్ మా గంట కొట్టే ఆయన మేనకోడలు వాయిస్తోంది. అంత్యక్రియల పాట పెళ్ళి పాటలాగా, పెళ్ళి పాట అంత్యక్రియల పాటలాగా వినిపిస్తోందని అందరూ అంటున్నారు. నాకు నవ్వు రావాలి, రావడం లేదు.

హోల్గర్‌కు ఏం చెప్పాననా? కొండ దిగుతున్నప్పుడు మీరు నాకు చెప్పిందే చెప్పాను. మూస్ మీదికి రాగానే మీరు దానికి అడ్డంగా పరిగెత్తారనీ, అరిచి మీ వైపు తిప్పుకున్నారనీ, లేకపోతే నేను ఈపాటికి ఉండేదాన్ని కాదనీ. నేను పడిపోయాను కాబట్టి, మీరు చూసిందే నేనూ చూసినట్టు.

ఆయన ఇప్పుడు ఎవరు కనిపించినా ఇదే చెప్తున్నారు. చెప్పిన ప్రతిసారీ ఆ పోతు ఒక బెత్తెడు ఎత్తు పెరుగుతోంది. నిన్న మా పక్కింటివాళ్ళకు చెప్పేసరికి ఇంటి కప్పు దాటేసింది. "అరవై దాటినవాడు, చేతిలో కర్ర కూడా లేదు" అంటుంటే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తండ్రి గురించి ఆయన అలా మాట్లాడ్డం ఈ పదేళ్ళలో నేను ఎప్పుడూ వినలేదు.

మీ వేటగాళ్ళ సంఘం పెద్ద ఎవాల్డ్‌గారికి కూడా ఈ సంగతి తెలిసింది. నవంబరులో వేట ముగిసిన విందులో మీకు కొమ్ముపిడి కత్తి బహూకరిస్తారట. హోల్గర్ అప్పుడే సూటు ఇస్త్రీకి ఇచ్చారు.

టీరా

*

క్విక్యోక్
అక్టోబరు 17, 1986

అమ్మాయి టీరాకు,

ఒక సాయం చెయ్యాలి. ఆ కత్తి విషయం ఎలాగైనా ఆపించు. హోల్గర్ నీ మాట వింటాడు. నాకు విందులూ ఉపన్యాసాలూ పడవని నీకు తెలుసు. ఎవాల్డ్ మాట్లాడ్డం మొదలుపెడితే సూపు గడ్డకట్టిపోతుంది. కత్తులు నాకు ఇంట్లో చాలా ఉన్నాయి.

నేను ఎవాల్డ్ ఇంటికి వెళ్ళి వద్దని చెప్పాను. ఆయన నా భుజం తట్టి, "నిజమైన మగాడు ఇలాగే అంటాడు" అన్నాడు. ఆయన భార్య కాఫీ పోసి, మా కొండవాళ్ళు కాఫీలో వేసుకునే జున్ను ముక్కలు ఎప్పటికంటే ఎక్కువ వేసింది. ఇప్పుడు నేను కొట్టుకు వెళ్తే జనం పక్కకు తప్పుకుని నన్ను ముందుకు పంపిస్తున్నారు.

చూడు, జరిగిందేదో జరిగింది. నీకు చెయ్యి విరిగింది, అది బాధగానే ఉంది. ఆ రోజు నేను మూస్‌ను అంత దగ్గరికి పిలవకుండా ఉండాల్సింది, అది నా తప్పే. నిన్ను బండ వెనకే ఉండమన్నాను, నువ్వు బయటికొచ్చావు. అందులో నిన్ను తప్పుపట్టడం లేదు. ఎదకాలంలో పోతుకు ఎదురుగా కదిలేదేదైనా ఇంకో పోతే. అది నీకు తెలిసే అవకాశం లేదు.

కత్తి మాత్రం ఆపించు. కారణం అడగొద్దు.

రూరిక్

*

లూలియో
అక్టోబరు 24, 1986

మామయ్యగారికి,

మొన్న కట్టు విప్పారు. ఉంగరం వేలు, చిటికెన వేలు సగమే ముడుచుకుంటున్నాయి. నరం నలిగిందట. వసంతం దాకా చూద్దామన్నారు డాక్టరు. వసంతం తర్వాత ఏమిటంటే ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని బల్ల మీదే స్వరాలు వాయించి చూసుకున్నాను. ఆ రెండు వేళ్ళూ వెనకబడిపోతున్నాయి, కొత్తగా పాట నేర్చుకునే పిల్లల్లాగా.

ఇలా ఉన్నప్పుడు మీ ఉత్తరం వచ్చింది. నేను బండ వెనక నుంచి బయటికొచ్చానని రాశారు. వచ్చాను. మీరు అరచేతులు నోటికి ఆనించి ఆడ మూస్‌లా మూలిగారు. అది తుప్పలు విరగ్గొట్టుకుంటూ వచ్చింది. "ఇంకా దగ్గరికి తెస్తాను చూడు" అన్నారు మీరు. మళ్ళీ పిలిచారు. మళ్ళీ. దాని మూపు మీద జుట్టు లేచి నిలబడింది, చెవులు వెనక్కి పడ్డాయి. నేను బయటికొచ్చింది దాన్ని చూడ్డానికి కాదు, ఇక పిలవొద్దని మీ చెయ్యి పట్టుకోడానికి. అప్పటికే మీరు అక్కడ లేరు.

మామయ్యా, నేను కళ్ళు మూసుకోలేదు. అది కొమ్ముతో నన్ను పక్కకు విసిరింది, గిట్ట నా చేతి మీద పడింది, అలాగే దాటిపోయింది. నేను వెల్లకిలా పడి ఉన్నాను. పైకి చూస్తే స్ప్రూస్ చెట్టు. కొమ్మల మధ్య మీ బూట్లు.

మిమ్మల్ని పిలిచాను. పోతు వెళ్ళిపోయింది, ఆడదాని వెనకాల పడి ఏటి వైపు పోయిన చప్పుడు నాకూ వినిపించింది, మీకూ వినిపించే ఉంటుంది. పిలుస్తూనే ఉన్నాను. ఆ బూట్లు కదల్లేదు. చాలాసేపటి తర్వాత మీరు తుప్పల వైపు నుంచి, ఎక్కడి నుంచో పరిగెత్తుకొచ్చినట్టు రొప్పుతూ వచ్చారు. మీ కోటు ముందంతా జిగురు, చెట్టు బెరడు. అప్పుడు నాకు ఆ కథ చెప్పారు. నేను తల ఊపాను.

చెట్టెక్కినందుకు నాకు కోపం లేదు. నాకు దగ్గర్లో చెట్టు ఉంటే నేనూ ఎక్కేదాన్నే. కానీ నా చెయ్యి మీద గుడ్డ చుడుతూ, నా కళ్ళల్లోకి చూస్తూ ఆ అబద్ధం ఎలా చెప్పగలిగారు?

కత్తి నేను ఆపించను. ఆపాలంటే కారణం చెప్పాలి. కారణం చెప్పాల్సింది నేను కాదు.

టీరా

*

క్విక్యోక్
నవంబరు 23, 1986

టీరాకు,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. కాగితం ముందు పెట్టుకుని కూర్చోవడం, లేచి కట్టెలు కొట్టడం, ఇదే పని. ఇప్పుడు మా పెరట్లో రెండు చలికాలాలకు సరిపడా కట్టెలున్నాయి.

నిన్న విందు జరిగింది. నువ్వు రాలేదు, ఎందుకు రాలేదో నాకు తెలుసు. హోల్గర్ ఈ సంగతి నీకు ఈపాటికి చెప్పి ఉంటాడు. నా నోటితో కూడా విను.

ఎవాల్డ్ చాలాసేపు మాట్లాడాడు. ఆ తర్వాత పెట్టె తెరిచి కత్తి బల్ల మీద పెట్టాడు. నేను లేచి, ఇది నాకు చెందదన్నాను. మూస్ వచ్చినప్పుడు నేను చెట్టెక్కానన్నాను. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. వినయం అనుకున్నారు. హోల్గర్ అందరికంటే గట్టిగా కొట్టాడు. ఇంకోసారి చెప్పాల్సొచ్చింది. మొదటిసారి చెప్పడానికి రెండు నెలలు పట్టింది, రెండోసారి ఇంకా కష్టమైంది. మా కోడలు కింద పడి మామయ్యా అని నన్ను పిలిచింది, పోతు వెళ్ళిపోయాక కూడా నేను దిగలేదు, దిగాక అబద్ధం చెప్పాను, అన్నాను. "మీరు కొట్టిన చప్పట్లు ఆ అబద్ధానికి."

అందరూ పళ్ళేల్లో ఉన్న మాంసాన్ని చూస్తూ కూర్చున్నారు. హోల్గర్ లేచాడు. కోటు బొత్తాలు అన్నీ, కింది నుంచి పై దాకా, తొందర లేకుండా పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఎవాల్డ్‌కు ఆ కత్తి ఏం చెయ్యాలో తోచలేదు. మళ్ళీ పెట్టెలో పెట్టాడు. మూత సరిగ్గా పడక రెండు మూడుసార్లు నొక్కాడు. చివరికి ఆయన భార్య నా ముందు పళ్ళెం పెట్టి, "తిను రూరిక్, చల్లారిపోతోంది" అంది. తిన్నాను. అంతమంది మధ్యలో నమిలిన చప్పుడు నా ఒక్కడిదే.

నువ్వు అడిగినదానికి జవాబు. పిలిచింది విన్నాను. ప్రతి పిలుపూ విన్నాను. దిగాలని కాళ్ళకు చెప్పాను, అవి వినలేదు. పోతు పోయిందని తెలిసి కూడా వినలేదు. ఆ తర్వాత భయం పోయింది, సిగ్గు పట్టుకుంది. దిగితే నువ్వు చూస్తావు కదా అని దిగలేదు. నువ్వు చెయ్యి విరిగి నేల మీద పడి ఉంటే నేను ఆలోచించింది ఇదీ. తుప్పల వెనక వైపు దిగి, చుట్టూ తిరిగి, కావాలనే రొప్పుతూ వచ్చాను.

అంత దగ్గరికి ఎందుకు పిలిచానంటే, నీ ముందు గొప్ప కోసం. పట్నం పిల్లవని నిన్ను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. పదేళ్ళకు మొదటిసారి నువ్వు నాతో కొండెక్కావు. నా పిలుపుకు అడవి కదిలి వస్తుందని నీకు చూపించాలనుకున్నాను.

క్షమించమని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆ వేళ్ళ సంగతి మాత్రం రాస్తూ ఉండు.

రూరిక్

*

లూలియో
డిసెంబరు 9, 1986

మామయ్యగారికి,

హోల్గర్ ఆ రాత్రే ఇంటికొచ్చారు, విందు సంగతి మాత్రం నాకు మీ ఉత్తరంలోనే తెలిసింది. మర్నాడు మీ ఫోటో గోడ మీద నుంచి తీశారు. నేను తిరిగి పెట్టాను. మళ్ళీ తీశారు.

నిన్న అసలు సంగతి బయటికొచ్చింది. ఆయనకు తొమ్మిదేళ్ళప్పుడు మీతో కొండకు వచ్చారట. ఆడ మూస్ ఒకటి దూడతో ఎదురైతే పరిగెత్తి ఇంటికొచ్చి మంచం కింద దూరారట. ఆ ముచ్చట మీరు వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాళ్ళట. మా పెళ్ళి విందులో కూడా చెప్పారు. నాకు గుర్తుంది, నేనూ అందరితో పాటు నవ్వాను. ఆయన నవ్వుతున్నట్టే కనిపించారు. నిన్న అన్నారు, "నా కోపం ఆయన భయపడినందుకు కాదు. నన్ను ఇన్నేళ్ళు సిగ్గుపడనిచ్చాడు."

ఇక నా సంగతి. మీరు అంతమంది ముందు చెప్పారు, నేను ఒక్కరి ముందు చెప్పడానికి ఇంత తడబడుతున్నాను.

కత్తి ఎవాల్డ్‌గారికి తోచింది కాదు. నేనే ఆయనకు ఫోను చేశాను. హోల్గర్ చెప్పిందంతా ఇంకా పెంచి చెప్పి, సంఘం తరఫున ఏదైనా ఇస్తే బావుంటుందన్నాను. నలుగురి ముందు మీరు దాన్ని చేత్తో అందుకోవాలని. అందుకునేటప్పుడు నేను ఎదురుగా కూర్చుని మిమ్మల్ని చూస్తూ ఉండాలని. ఆ రోజులన్నీ నాకు ఒక రకమైన హాయిగా ఉండేది మామయ్యా. హోల్గర్ మిమ్మల్ని మెచ్చుకున్నప్పుడల్లా, ఆ మాట మీకు ఎక్కడ గుచ్చుకుంటుందో తెలిసి, ఇంకొంచెం చెప్పించేదాన్ని. ఆ పోతు ఇంటి కప్పు దాటిందని రాశాను చూడండి, దాన్ని పెంచింది సగం నేనే. మీరు కారణం అడగొద్దని రాసిన ఉత్తరం చూసి నవ్వుకున్నాను కూడా. విందు దగ్గరపడేసరికి ధైర్యం చాలక రాలేదు.

నన్నెవరూ అబద్ధం చెప్పమని బలవంతం చెయ్యలేదు. మీది భయంతో పుట్టిన అబద్ధం. నాది తీరిగ్గా కూర్చుని అల్లింది. ఇదంతా హోల్గర్‌కు చెప్పాను. ఆయన తన పడక వంటింట్లోకి మార్చుకున్నారు. నెలయ్యేదాకా తిరిగి రారనుకుంటాను.

వేళ్ళు అలాగే ఉన్నాయి.

టీరా

*

క్విక్యోక్
జనవరి 6, 1987

అమ్మాయి టీరాకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపం వస్తుందేమోనని చూశాను, రాలేదు. ఆ శిక్ష నాకు తగిందేనని కూడా రాయబోయాను, కానీ అలా రాస్తే నీ భారం నేను తేలిగ్గా కొట్టిపారేసినట్టవుతుంది. నువ్వు చేసింది మంచి పని కాదు. నేను చేసింది అంతకంటే మంచిది కాదు. ఇంత వరకే నాకు తెలుసు.

మంచం కింద దూరిన సంగతి. అది వాడికి గుచ్చుకుంటుందని నాకు తెలీదని రాస్తే ఇంకో అబద్ధం అవుతుంది. తెలుసు. వాడి చెవులు ఎర్రబడేవి. జనం నవ్వేవాళ్ళు కాబట్టి చెప్పేవాణ్ణి.

వాడికి ఉత్తరం రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాస్తాను. ఊళ్ళో నాకు ఇప్పుడు ముందుకు పంపించేవాళ్ళు లేరు. వరసలోనే నిలబడుతున్నాను. ఎవాల్డ్ నన్ను చూస్తే వాతావరణం గురించి మాట్లాడతాడు.

రూరిక్

*

లూలియో
మే 19, 1987

మామయ్యగారికి,

డాక్టరు చెప్పిన వసంతం వచ్చింది. చిటికెన వేలు కొంత తిరిగొచ్చింది. ఉంగరం వేలు రాలేదు, ఇక రాదట. చర్చివాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. ఆదివారాలు ఆ మేనకోడలు వాయిస్తుంది, నేను ఆ అమ్మాయికి నేర్పుతాను. మొదటి రోజు ఆ పిల్ల తప్పు వాయిస్తే నా చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను. ఇంటికొచ్చి ఏడ్చాను. మీకు నొప్పి కలగాలని రాయడం లేదు. రాస్తూ ఉండమన్నారు కాబట్టి రాస్తున్నాను.

హోల్గర్ వంటింట్లోంచి తిరిగొచ్చారు. మీ ఉత్తరాలు తెరుస్తారు, చదువుతారు, సొరుగులో పెడతారు. ఆ మాత్రం చెప్పగలను.

ఈ ఏడు ఎదకాలంలో మళ్ళీ జనాన్ని కొండకు తీసుకెళ్తారా? వెళ్ళాలని నా కోరిక. కాకపోతే ముందుగా ఉన్నదున్నట్టు చెప్పి తీసుకెళ్ళండి.

టీరా

*

క్విక్యోక్
సెప్టెంబరు 27, 1987

అమ్మాయి టీరాకు,

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. బస్సు దిగిన జనాన్ని వరసగా నిలబెట్టి, కొండెక్కకముందే చెప్తున్నాను. "మూస్‌లు ఎక్కడుంటాయో నాకు తెలుసు. గాలి ఎటు వీస్తోందో తెలుసు. నేను వాటిని పిలవను. అవి మన మీదికొస్తే మాత్రం నేను పరిగెత్తుతాను. పోయినేడు పరిగెత్తాను, మా కోడలి చెయ్యి విరిగింది. పైకి వెళ్ళాక ఎవరి చెట్టు వాళ్ళు ముందే చూసుకోండి." కొందరు మొహామొహాలు చూసుకుంటారు. కొందరు అదే బస్సులో వెనక్కి పోతారు. ఉప్సలా నుంచి వచ్చిన ఒక పంతులమ్మ, మరి మీతో రావడం దేనికని అడిగింది. అయినా వచ్చింది.

ఇవాళ వచ్చినవాళ్ళలో అందరికంటే వెనక హోల్గర్ ఉన్నాడు. నీకు చెప్పి వచ్చాడో లేదో. నేను వాణ్ణి చూసి కూడా చెప్పాల్సినదంతా చెప్పాను, ఒక్క మాట తగ్గించకుండా. అయ్యాక ఎవరికైనా సందేహాలున్నాయా అన్నాను. వాడు చెయ్యెత్తాడు.

"అది ఎంత దూరంలో ఉండగా మీరు పరిగెత్తడం మొదలుపెడతారు?" అన్నాడు.

మీరు అన్నాడు టీరా. పుట్టినప్పటి నుంచి నన్ను నువ్వు అన్నవాడు. పదినెలల తర్వాత వాడి గొంతు వింటున్నాను.

"చెవులు వెనక్కి పడగానే" అన్నాను. వాడు తలూపాడు.

పైన బర్చి చెట్ల అంచున ఆగాం. ఎండ పడుతోంది. వాలు మీద పెద్ద పోతు, ఇంకో పోతు ఎదురెదురుగా నిలబడ్డాయి. ముందు ఒకదాని కొమ్ములు ఒకటి కొలుచుకుంటున్నట్టు తలలు ఇటూ అటూ ఊపాయి. తర్వాత గుద్దుకున్నాయి. ఆ చప్పుడు మన కడుపులో మోగుతుంది. ఆడ మూస్ పక్కనే తాపీగా ఆకు తింటోంది. ఓడిన పోతు వాలు దిగి పోయింది. గెలిచింది రొప్పుతూ నిలబడి, తల తిప్పి, మా వైపు చూసింది. గాలి మారిందని నాకు మెడ మీద తెలిసింది. అది నాలుగడుగులు వేసి ఆగింది. మూపు మీద జుట్టు లేచింది. జనం ఒక్కొక్కరే, అరుపూ కేకా లేకుండా, తాము చూసుకున్న చెట్ల వైపు నడిచారు. పంతులమ్మ అందరికంటే చురుకుగా ఎక్కింది.

నేను కదల్లేదు. ధైర్యం అనుకోకు. హోల్గర్ నా పక్కన ఉన్నాడు, వాడి ముందు ఎక్కలేక నిలబడ్డాను. మళ్ళీ అదే సిగ్గు, అదే మనిషి. పోతు చెవులు వెనక్కి పడ్డాయి.

వాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "నాన్నా, నువ్వు ముందెక్కు" అన్నాడు.

ఎగతాళికి అన్నాడో, ప్రేమతో అన్నాడో నాకింకా తెలీదు. అడగలేదు. ఎక్కాను. నా వెనకాలే వాడూ ఎక్కాడు.

నీ మామయ్య,
రూరిక్